బైపాప్ మాస్కు పెట్టినా మామయ్య పొద్దున్నే మత్తుగా ఉంటున్నారు: ఇంట్లో ఆక్సిజన్ వాడుతున్నవారు దయచేసి చెప్పండి

చండూరు కోడలు | సోమవారం, ఉదయం 7.40

అందరికీ నమస్కారం. మాది చండూరు దగ్గర పల్లె. మా మామయ్యకు 68 ఏళ్ళు. నలభై ఏళ్ళు బీడీలు తాగారు. అందులో ఇరవై ఏళ్ళు మిర్యాలగూడ వైపు రైసు మిల్లుల్లో హమాలీగా ఊక దుమ్ములో బస్తాలు మోశారు. ఆరేళ్ళ కింద సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే జబ్బు) అని తేల్చారు. పోయిన నెల ఆయాసం ఎక్కువై పది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఇంటికి పంపేటప్పుడు పగలు ముక్కు గొట్టంతో నిమిషానికి 2 లీటర్ల ఆక్సిజన్, రాత్రి బైపాప్ (ఒత్తిడితో గాలిని లోపలికి పంపే మిషను) మాస్కు, దానికి కలిపి అదే 2 లీటర్లు పెట్టమని రాశారు. బైపాప్ కొత్తది కొన్నాం. ఆక్సిజన్ మిషను మాత్రం 2021 కరోనా నాటిది, మా బంధువుల ఇంట్లో మూలన ఉంటే తెచ్చుకున్నాం.

మూడు రోజులుగా ఆయన పొద్దున లేవగానే తల పగిలిపోతోంది అంటున్నారు. రాత్రి రెండింటికే మాస్కు లాగేస్తున్నారు. పొద్దున ఎనిమిదైనా కళ్ళు తెరవడం లేదు. లేపితే ‘ఆఁ’ అని మళ్ళీ జోగుతున్నారు. నిన్న నన్ను మా ఆడపడుచు పేరుతో పిలిచారు. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే వేలి మీటరు మాత్రం 97 చూపిస్తోంది. అంకె బాగుందంటే ఆక్సిజన్ అందుతున్నట్టే కదా? మరి ఈ మత్తు ఎందుకు? మా ఆయన హైదరాబాదులో ఉంటారు, శనివారం గాని రారు. అత్తయ్య, నేను ఇద్దరమే చూసుకుంటున్నాం.

పాలమూరు సిస్టర్ | సోమవారం, ఉదయం 7.52

అమ్మా, ముందు ఒకటి చెప్పు. మీటరు 97 చూపిస్తున్నప్పుడు ఆక్సిజన్ మిషను మీద, నిమిషానికి ఎన్ని లీటర్లో చూపే గోలీ ఏ అంకె దగ్గర ఉంది? 2 దగ్గరేనా?

నేను 31 ఏళ్ళు ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్న సీఓపీడీ మనిషికి 97 అంటే నాకు భయం వేస్తుంది.

చండూరు కోడలు | సోమవారం, ఉదయం 7.58

సిస్టర్ గారూ, 5 దగ్గర ఉంది. 2 మీద పెడితే మీటరు 84, 85 చూపిస్తోంది. అది చూసి అత్తయ్య కొంచెం కొంచెం పెంచుతూ వచ్చారు. ఆయనకు ఆయాసం వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి దాని మీదికే పోతుంది.

పాలమూరు సిస్టర్ | సోమవారం, ఉదయం 8.03

అర్థమైంది. ఇప్పుడు నేను చెప్పేది చెయ్యి, మిగతా చర్చ తర్వాత.

108కి ఫోన్ చెయ్యి. మాటలో తేడా, మత్తు, పొద్దున తలనొప్పి ఈ మూడూ కలిశాయంటే లోపల బొగ్గుపులుసు వాయువు, అంటే మనం వదిలే చెడుగాలి (కార్బన్ డయాక్సైడ్), పేరుకుంటోందేమోనని అనుమానించాలి. మీటరు ఆక్సిజన్ ఎంత ఉందో చూపిస్తుంది గాని, బయటికి పోవలసిన చెడుగాలి పోతోందో లేదో దానికి తెలియదు.

గోలీని 5 నుంచి కొద్దికొద్దిగా దింపు. 88కీ 92కీ మధ్య నిలిచే చోట ఆపు. భయపడి ఒక్కసారిగా మొత్తం ఆపేయకు, అది ఇంకా ప్రమాదం. ఆయన్ను పడుకోనివ్వకుండా దిండ్లు ఆనించి కూర్చోబెట్టు. అంబులెన్సు వాళ్ళు రాగానే ‘సీఓపీడీ, 88 నుంచి 92 మధ్య ఉంచండి’ అని చెప్పు. చెప్పకపోతే మంచి చేద్దామనే పెద్ద మాస్కు పెట్టి ఆక్సిజన్ బాగా ఎక్కువ ఇచ్చే అవకాశం ఉంది.

ఛాతీ వైద్యుడు | సోమవారం, ఉదయం 8.11

సిస్టర్ గారు చెప్పింది అక్షరాలా సరైనది. ఆసుపత్రిలో ధమని నుంచి రక్తం తీసి, అందులో ఆక్సిజన్, చెడుగాలి రెండూ కొలిచే ఏబీజీ పరీక్ష అడగండి. మణికట్టు దగ్గర నొప్పి పుడుతుంది, వద్దంటారు, అయినా చేయించండి. ఈ స్థితిలో నిజం చెప్పేది అదే.

ఇంకో మాట. రేపటి నుంచి అత్తయ్యగారిని తప్పుపట్టవద్దు. 2 లీటర్ల మీద 84 ఎందుకు చూపిస్తోందన్నది అసలైన ప్రశ్న, దానికి జవాబు వెతకాలి.

మిషన్ల మనిషి, నల్లగొండ | సోమవారం, ఉదయం 8.15

చెల్లెమ్మా, బయలుదేరే ముందు బైపాప్ మాస్కును ఒక ఫొటో తీసి పెట్టగలవా? ముందుభాగం, గొట్టం కలిసే చోటు కనిపించాలి. నేను పదమూడేళ్ళుగా ఇళ్ళలో ఈ మిషన్లు బిగిస్తున్నాను. మాస్కు రెండింటికే తీసేస్తున్నారంటే ఏదో కారణం ఉంటుంది.

చండూరు కోడలు | సోమవారం, ఉదయం 8.34

అంబులెన్సు వచ్చింది, వెళ్తున్నాం. గోలీ 3 దగ్గర మీటరు 90 ఉంది. ఫొటో పెట్టాను అన్నా. మాస్కు మీద తెల్లగా కనిపించేది ప్లాస్టరు. అక్కడ చిన్న చిన్న రంధ్రాల్లోంచి గాలి బుస్సున పోతోందని, గాలి వృథా అవుతోందని వారం కింద అత్తయ్య అంటించారు.

మిషన్ల మనిషి, నల్లగొండ | సోమవారం, ఉదయం 8.36

ఆ ప్లాస్టరు పీకేయండి. ఇప్పుడే. మాస్కు మీతో పాటు తీసుకెళ్ళండి, డాక్టరుకు ఇది తప్పకుండా చెప్పండి.

మిగిలినవారి కోసం కాస్త వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇది నేను చూసిన మూడో ఇల్లు. బైపాప్‌కు ఒకటే గొట్టం ఉంటుంది. లోపలికి గాలి ఆ గొట్టంలోంచే వస్తుంది. మనిషి వదిలిన గాలి మాస్కు మీద ఉన్న ఆ సన్నటి రంధ్రాల్లోంచి బయటికి పోవాలి. రాత్రంతా అక్కడ చప్పుడు వస్తుంది, చెయ్యి పెడితే గాలి తగులుతుంది. అది మాస్కు పాడైన గుర్తు కాదు, మాస్కు చేస్తున్న పని. దాన్ని మూస్తే మనిషి తాను వదిలిన గాలినే మళ్ళీ పీలుస్తాడు. ఆయన రాత్రి రెండింటికి మాస్కు లాగేశారంటే ఊపిరాడకే లాగేసి ఉంటారు. ఆ పని ఆయన్ను కాపాడిందనే నేను అనుకుంటున్నాను.

మాస్కుల్లో రంధ్రాలు లేనివి కూడా ఉంటాయి. మూతి దగ్గరి మలుపు నీలం రంగులో ఉండేవి చాలావరకు అవే. వాటికి గొట్టంలో వేరే గాలి వదిలే ముక్క పెట్టాలి. ఆసుపత్రి వెంటిలేటరు మాస్కును ఇంటికి తెచ్చి బైపాప్‌కు తగిలించేవారు ఇది గుర్తుంచుకోండి.

దేవరకొండ రైతు | సోమవారం, మధ్యాహ్నం 1.20

ఆ పెద్దాయన బాగుండాలని కోరుకుంటున్నాను. నా సందేహం కూడా ఇదే. మా అన్నకు ఆక్సిజన్ రాశారు. ఒకసారి మొదలుపెడితే ఒంటికి అలవాటైపోతుందని, తర్వాత అది లేకుండా బతకలేరని ఊళ్ళో అందరూ అంటున్నారు. ఈ సంగతి చదివాక భయం ఇంకా పెరిగింది. పెట్టకుండా ఉండటమే మంచిదా? ఇప్పుడు దమ్ము వచ్చినప్పుడు పది నిమిషాలు పెట్టి తీసేస్తున్నాం.

ఛాతీ వైద్యుడు | సోమవారం, రాత్రి 9.05

రైతు గారూ, మీ భయాన్ని నేను రోజూ ఓపీలో వింటాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తాను.

ఆక్సిజన్ అలవాటు కాదు. ఊపిరితిత్తి పాడై రక్తంలో ఆక్సిజన్ ఎప్పుడూ తక్కువే ఉంటున్నప్పుడు ఆ లోటును బయటినుంచి పూడుస్తున్నాం, అంతే. కళ్ళద్దాలు పెట్టుకున్నందువల్ల చూపు తగ్గదు కదా. ఆ లోటును అలాగే వదిలేస్తే గుండె కుడివైపు భాగం ఒత్తిడికి అలసిపోతుంది, కాళ్ళు వాస్తాయి, రక్తం చిక్కబడుతుంది.

దీని మీద 1981లో బ్రిటన్‌లో ఒక అధ్యయనం వెలువడింది. తీవ్రమైన లోటు ఉన్న 87 మందిని రెండు జట్లు చేశారు. రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ తీసుకున్న 42 మందిలో ఐదేళ్ళలో 19 మంది చనిపోయారు. తీసుకోని 45 మందిలో 30 మంది చనిపోయారు. అంతకు ముందు ఏడాది, 1980లో, అమెరికాలో రాత్రిపూట మాత్రమే పెట్టుకున్నవారిని, దాదాపు రోజంతా పెట్టుకున్నవారిని పోల్చి చూశారు. ఎక్కువ గంటలు పెట్టుకున్నవారే ఎక్కువకాలం బతికారు. సీఓపీడీలో ఆయుష్షు పెంచుతాయని తేలిన చికిత్సలు చాలా కొద్ది. వాటిలో ఇది ఒకటి. కానీ అది పని చేసేది గంటల లెక్కన. దమ్ము వచ్చినప్పుడు పది నిమిషాలు పెట్టి తీస్తే ఆ మేలు రాదు. మీ అన్నగారికి 15 గంటలు రాసి ఉంటే, నిద్రపోయే వేళ అందులో కలిసేలా చూసుకుని 15 గంటలూ పెట్టండి.

ఎవరికి రాస్తామంటే, జబ్బు నిలకడగా ఉన్నప్పుడు, విశ్రాంతిగా కూర్చున్నా ఏబీజీ పరీక్షలో ధమని రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి (ఇది శాతం కాదు) 55 లేదా అంతకన్నా తక్కువ ఉన్నవారికి. వేలి మీటరులో అది సుమారు 88 లేదా అంతకన్నా తక్కువ. గుండె కుడిభాగం దెబ్బతిన్నా, రక్తం చిక్కబడినా 60 లోపు ఉన్నవారికీ రాస్తాం.

ఇక ఎక్కువ ఇస్తే ఏమవుతుంది? ఊపిరితిత్తిలో పాడైన భాగాలకు రక్తం తక్కువ వెళ్ళేలా శరీరమే ఒక ఏర్పాటు చేసుకుంటుంది. మనం ఆక్సిజన్ గుమ్మరిస్తే ఆ ఏర్పాటు చెదిరి, రక్తం పాడైన భాగాలకు మళ్ళుతుంది. అక్కడ చెడుగాలి వదలడం కుదరదు. ఊపిరి తీయాలన్న ప్రేరణ కూడా కొంత తగ్గుతుంది. మత్తు, తలనొప్పి, చేతులు చాచితే రెక్కల్లా అదరడం దీనివల్లే. అందుకే బీపీ మాత్ర రెండు వేసుకోవాలో నాలుగు వేసుకోవాలో మనమే ఎలా నిర్ణయించమో, గోలీని కూడా అలాగే చూడాలి. 2 లీటర్లు అంటే అది మోతాదు.

మిర్యాలగూడ అమ్మ | సోమవారం, రాత్రి 9.40

నేను నాలుగేళ్ళుగా ఆక్సిజన్ మీద ఉన్నాను. బీడీ ముట్టలేదు, చుట్ట ముట్టలేదు. పదకొండేళ్ళ వయసు నుంచి కట్టెల పొయ్యి ఊదాను, అంతే. మా ఇంట్లో గ్యాసు వచ్చేసరికి నాకు యాభై దాటాయి. ఆడవాళ్ళకు ఈ జబ్బు రాదని ఆయాసానికి గుండె పరీక్షలు చేయించుకుంటూ మూడేళ్ళు తిరిగాను.

మొదట్లో గొట్టం పెట్టుకుని గడప దాటడానికి సిగ్గుపడ్డాను. పెళ్ళిళ్ళకు పోవడం మానేశాను. ఇప్పుడు పదిహేను మీటర్ల గొట్టం వేయించుకున్నాను, వాకిట్లో కూర్చుని కూరగాయలు తరుగుతాను. కోడలమ్మా, మీ మామయ్య నోటితో చెప్పకపోయినా మాస్కు అంటే ఆయనకు భయం ఉండే ఉంటుంది. ముఖం మీద చెయ్యి వేసి అదిమినట్టుంటుంది. నాకు బైపాప్ ఇచ్చినప్పుడు మొదటి వారం పట్టీలు కట్టుకోకుండా పగటిపూట టీవీ చూస్తూ చేత్తో పట్టుకుని పది నిమిషాలు, పావుగంట పెట్టుకున్నాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయగలనని తెలిశాక భయం పోయింది. రాత్రి పెట్టుకోవడం ఆ తర్వాతే.

మిషన్ల మనిషి, నల్లగొండ | సోమవారం, రాత్రి 10.12

అమ్మ చెప్పినదానికి నాలుగు మాటలు కలుపుతాను.

గాలి కళ్ళలోకి కొడుతోందని పట్టీలు గట్టిగా బిగిస్తారు. అది తప్పు. సిలికాను అంచు గాలితో ఉబ్బి చర్మానికి అతుక్కోవాలి, బిగిస్తే ముడతపడి ఇంకా కారుతుంది. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి. ముక్కు దూలం మీద ఎర్రబడి పొద్దున్నకీ మచ్చ పోకపోతే సైజు మార్చాలి, లేదా అక్కడ మెత్తటి జెల్ పట్టీ వేయాలి. పుండు పడితే మనిషి ఇక మాస్కు చూడడు. పెట్టుడు పళ్ళు తీసి పడుకునేవారికి బుగ్గలు లోపలికి పోతాయి, పళ్ళు ఉన్నప్పుడు కొలిచిన సైజు రాత్రి పనికిరాదు. దట్టమైన మీసం కూడా అంతే, వెంట్రుకల సందులోంచి గాలి పోతుంది.

అన్నం తిన్న వెంటనే మాస్కు పెట్టవద్దు. కనీసం గంటన్నర ఆగండి. వాంతి వస్తే ముందు మాస్కు తీయడం ఎలాగో ఇంట్లో అందరికీ, పిల్లలకు కూడా నేర్పండి. ఒక పక్క క్లిప్పు లాగితే వచ్చేస్తుంది.

ఆక్సిజన్ గొట్టం బైపాప్‌కు కలిపినప్పుడు వరస ముఖ్యం. ముందు బైపాప్ ఆన్ చేసి తర్వాత ఆక్సిజన్. ఆపేటప్పుడు ముందు ఆక్సిజన్, తర్వాత బైపాప్. తిరగేస్తే ఆక్సిజన్ బైపాప్ లోపల చేరి నిప్పు ప్రమాదం.

మాస్కును రోజూ పిల్లల షాంపూ నీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెట్టినా, స్పిరిట్ తుడిచినా సిలికాను పెళుసెక్కుతుంది.

వనపర్తి మాస్టారు | మంగళవారం, ఉదయం 6.30

మా ఇంటావిడకు మూడేళ్ళుగా ఇంట్లోనే ఆక్సిజన్. కరెంటు సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను.

5 లీటర్ల మిషను సుమారు 350 వాట్లు లాగుతుంది. రోజుకు 15 గంటలు నడిస్తే ఐదుంపావు యూనిట్లు, నెలకు 157 పైనే. తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్ళకు గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. కానీ 200 దాటితే ఆ నెల మొత్తానికీ కట్టాలి. ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటారు కలిస్తే దాటిపోతుంది. నేను పాత ఫ్యాన్లు తీసేసి తక్కువ కరెంటు తీసుకునేవి పెట్టించాను, మీటరు రీడింగు వారానికి ఒకసారి పలక మీద రాస్తాను. ఊపిరి పీల్చడానికి వాడే కరెంటును ఈ లెక్కలోంచి మినహాయించాలని నా గట్టి అభిప్రాయం. ఏసీకి వాడినదీ దీనికి వాడినదీ ఒకటి కావు.

కరెంటు పోతే? 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒకటి ఉన్న ఇన్వర్టరు మీద ఈ మిషను నాకు మూడు గంటలు వస్తోంది. ఇన్వర్టరు ప్యూర్ సైన్ వేవ్ రకం కావాలి. బైపాప్ ఒక్కటే అయితే, నీళ్ళు వేడిచేసే భాగం ఆపేస్తే, అదే బ్యాటరీ మీద రాత్రంతా నడుస్తుంది. అంతకు మించిన గాలివాన రాత్రుల కోసం చిన్న సిలిండరు ఒకటి నిండుగా ఉంచుతాను. 1500 లీటర్లు పట్టేది, 2 లీటర్ల చొప్పున పన్నెండు గంటలకు పైగా వస్తుంది. దాన్ని నిలబెట్టి గోడకు గొలుసుతో కట్టాను. తిప్పే పానా దాని మెడకే తాడుతో కట్టి ఉంచాను. ఒకసారి అర్ధరాత్రి చీకట్లో పానా కోసం వెతికిన ఇరవై నిమిషాలు నేను మరచిపోలేను.

మిషన్ల మనిషి, నల్లగొండ | మంగళవారం, ఉదయం 7.15

మాస్టారూ, ఎండ సంగతి కూడా చెప్పాలి. ఈ మిషన్లు చాలావరకు 40 డిగ్రీల దాకా పని చేసేలా చేసినవి. మన నల్లగొండ, మిర్యాలగూడల్లో మే నెలలో బయటే 45 ఉంటుంది, రేకుల ఇంట్లో ఎంత ఉంటుందో ఊహించండి. మధ్యాహ్నం మిషను కూతపెట్టి ఆగిపోయిందని ఏప్రిల్ నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. గోడకు అడుగు దూరంలో, గాలి ఆడే చోట, వంటింటికి దూరంగా పెట్టండి. దుమ్ము పట్టే ఫిల్టరు వారానికి ఒకసారి కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి.

పాలమూరు సిస్టర్ | మంగళవారం, ఉదయం 8.20

నిప్పు గురించి నేను రాస్తాను, ఎందుకంటే కాలిన ముఖానికి కట్టు కట్టిన చేతులివి. ఆక్సిజన్ తనంత తాను మండదు, కానీ మండేదాన్ని పదింతలు మండిస్తుంది. దుప్పటిలో, చీర కొంగులో, జుట్టులో నిలిచి ఉంటుంది. బీడీ ఒక్కటే కాదు. దీపం, అగరుబత్తి, హారతి, దోమల చుట్ట, గ్యాసు పొయ్యి, అన్నింటికీ పది అడుగుల దూరం. దీపం పెట్టాలనిపిస్తే మిషను ఆపి, అరగంట బయటి గాలిలో కూర్చుని, అప్పుడు పెట్టండి. ఇంకా మంచిది, ఆ పని ఇంట్లో మరొకరికి అప్పగించండి.

ముక్కు ఎండిపోతోందని కొబ్బరినూనె, వేస్‌లిన్, ఛాతీకి జలుబు మందు రాస్తారు. నూనె జిడ్డు ఉన్నవేవీ వద్దు. నీటితో చేసిన జెల్ మందుల షాపులో దొరుకుతుంది.

ఆక్సిజన్‌కు తేమ చేర్చడానికి మిషనుకు తగిలించే నీళ్ళ బాటిల్లో బోరు నీళ్ళు పోయవద్దు. మన నల్లగొండ నీళ్ళ సంగతి తెలుసు కదా, నాలుగు రోజుల్లో తెల్లటి పొర కడుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసి రోజూ మార్చండి. నిజానికి 2, 3 లీటర్లు వాడేవారికి చాలామందికి ఆ బాటిల్ అవసరమే ఉండదు, డాక్టరును అడిగి తీసేయవచ్చు. మురికి బాటిల్ కన్నా బాటిల్ లేకపోవడమే మేలు.

కోస్గి వలసకూలి | మంగళవారం, రాత్రి 8.10

నేను పద్నాలుగేళ్ళు బయటి రాష్ట్రంలో రాయి మరపట్టే పనిలో ఉండి వచ్చాను. నా వయసు 41. సిలికోసిస్ (రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి వచ్చే జబ్బు) అన్నారు. కూర్చుంటే మీటరు 94 ఉంటుంది, మెట్లెక్కితే 90కి వస్తుంది, దమ్ము బాగా వస్తుంది. అప్పు చేసైనా ఆక్సిజన్ మిషను కొంటే మళ్ళీ పనికి పోగలనా? డాక్టరు గారు చెప్పండి.

ఛాతీ వైద్యుడు | మంగళవారం, రాత్రి 10.25

తమ్ముడూ, దయచేసి ఇప్పుడు అప్పు చేయకు. కూర్చున్నప్పుడు 94 ఉన్న మనిషికి ఇంట్లో మిషను వల్ల ఆయుష్షు పెరుగుతుందనడానికి ఆధారం లేదు. సీఓపీడీలో లోటు ఒక మోస్తరుగా మాత్రమే ఉన్న 738 మంది మీద చేసిన పెద్ద అధ్యయనం 2016లో వచ్చింది. ఆక్సిజన్ ఇచ్చినా, ఇవ్వకపోయినా మరణాల్లో గాని, ఆసుపత్రిలో చేరడంలో గాని తేడా కనిపించలేదు. అది నీ జబ్బు కాదు గాని, ఇంతకన్నా దగ్గరి ఆధారం నా దగ్గర లేదు.

ఆ డబ్బుతో ముందు చేయవలసినవి ఉన్నాయి. తెమడ పరీక్ష చేయించు. సిలికా దుమ్ము చేరిన ఊపిరితిత్తికి క్షయ తొందరగా పడుతుంది. ఆ పరీక్ష, మందులు ప్రభుత్వంలో ఉచితం. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా గురించి అడుగు. మళ్ళీ ఆ దుమ్ములోకి మాత్రం పోవద్దు, గుడ్డ కట్టుకున్నా ఆ ధూళి ఆగదు. పని చేసిన చోటు గుర్తింపు కాగితాలు, కూలి చీటీలు ఏమున్నా పారేయకుండా దాచు. ఇది వృత్తి వల్ల వచ్చే జబ్బుగా చట్టంలో ఉంది, పరిహారం అడగడానికి అవే ఆధారం.

ఆయాసం అంటే ప్రతిసారీ ఆక్సిజన్ తక్కువైందని కాదు. పెదవులు సున్నాలా చుట్టి, వేడి పాలు ఊదినట్టు మెల్లగా ఊపిరి వదలడం నేర్చుకో. ముఖానికి ఎదురుగా ఫ్యాను గాని, తాటాకు విసనకర్ర గాని పెట్టుకుంటే దమ్ము తీవ్రత నిజంగానే తగ్గుతుంది. ముఖం మీద తగిలే చల్లగాలిని మెదడు గుర్తుపట్టి ఆ బాధను తగ్గిస్తుంది.

దేవరకొండ రైతు | బుధవారం, ఉదయం 6.05

మా అన్నకు నిన్న రాత్రి నిద్రలో కూడా తీయకుండా ఉంచాం. పగలు కలిపితే 14 గంటలు అయింది. గొట్టం చెవుల మీద కోసుకుంటోంది అంటున్నాడు.

మిర్యాలగూడ అమ్మ | బుధవారం, ఉదయం 6.50

చెవుల వెనక గొట్టానికి దూది చుట్టు నాయనా, పైన మెత్తటి గుడ్డ. రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

చండూరు కోడలు | శుక్రవారం, సాయంత్రం 5.30

అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. మామయ్య ఇవాళ ఇంటికి వచ్చారు.

సోమవారం పరీక్షలో చెడుగాలి 78 ఉంది. 35 నుంచి 45 మధ్య ఉండాలట. ఇంకొక్క రోజు ఆలస్యమైతే గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటరు పెట్టాల్సి వచ్చేదని అన్నారు. ప్లాస్టరు సంగతి చెప్పగానే డాక్టరుగారు మాస్కు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. అక్కడే బైపాప్ పెట్టి, ఊపిరి పీల్చేటప్పుడు ఇచ్చే పై ఒత్తిడి 12 నుంచి 18కి పెంచారు. బుధవారానికి చెడుగాలి 55కి దిగింది. మంగళవారం మధ్యాహ్నం నన్ను నా పేరుతో పిలిచారు.

మిషన్ల అన్న నిన్న మా ఇంటికి వచ్చి ఆక్సిజన్ మిషను పరీక్షించారు. ఆ సంగతి ఆయనే చెబుతారు.

మిషన్ల మనిషి, నల్లగొండ | శుక్రవారం, సాయంత్రం 6.15

కొత్త మిషను నుంచి వచ్చే గాలిలో ఆక్సిజన్ 90 నుంచి 96 శాతం ఉండాలి. వీళ్ళ మిషనులో 2 లీటర్ల దగ్గర 71 వచ్చింది. గోలీ మాత్రం చక్కగా 2 దగ్గరే నిలబడి ఉంది. గోలీ గాలి ఎంత వస్తోందో చూపిస్తుంది, అందులో ఆక్సిజన్ ఎంతో చూపించదు.

లోపల జియోలైట్ అనే గుళికలు ఉంటాయి. గాలిలోని నైట్రోజన్‌ను అవి పట్టుకుని ఆక్సిజన్‌ను వదులుతాయి. వాటికి తేమ పడదు. 2021లో కొని, కరోనా తగ్గాక మూలన పెట్టిన మిషన్లలో ఏళ్ళ తరబడి తేమ చేరింది. మన జిల్లాల్లో అలాంటివి ఎన్నో చేతులు మారుతున్నాయి. ఈ మిషనులో హెచ్చరిక దీపం కూడా కాలిపోయి ఉంది. పాతది ఎవరు ఇచ్చినా, ఉచితంగా ఇచ్చినా, ఆక్సిజన్ శాతం కొలిచే మీటరుతో పరీక్షించాకే మనిషికి పెట్టండి. పక్కన పెట్టిన మిషను ఉంటే నెలకు ఒకసారైనా కొన్ని గంటలు నడపండి.

అత్తయ్యగారికి 2 లీటర్ల మీద 84 కనిపించడం అబద్ధం కాదు. ఆమె సరిగ్గానే చూశారు.

ఛాతీ వైద్యుడు | శుక్రవారం, రాత్రి 9.30

చాలా సంతోషం. బైపాప్ గురించి ఒక మాట. ఇలా ఆసుపత్రిలో చేరి వచ్చాక రెండు నుంచి నాలుగు వారాలకు కూడా చెడుగాలి 53 పైన ఉండిపోయినవారిలో, ఆక్సిజన్‌తో పాటు ఇంట్లో బైపాప్ వాడితే మేలు ఉంటుందని 2017లో వచ్చిన బ్రిటన్ అధ్యయనం చూపింది. మళ్ళీ ఆసుపత్రిలో చేరడానికో, మరణానికో పట్టిన కాలం ఆక్సిజన్ ఒక్కటే వాడినవారిలో మధ్యస్థంగా 1.4 నెలలు, రెండూ వాడినవారిలో 4.3 నెలలు. అందుకని నెల లోపల ఏబీజీ మళ్ళీ చేయించండి. ఈ 55 తగ్గిందో లేదో చూశాకే తర్వాతి నిర్ణయం.

ఒక అట్ట మీద ‘సీఓపీడీ. ఆక్సిజన్ 88–92 మధ్య. రాత్రి బైపాప్’ అని పెద్ద అక్షరాలతో రాసి మంచం దగ్గర వేలాడదీయండి. ఎవరు వచ్చినా కనిపించాలి.

చండూరు కోడలు | ఆదివారం, ఉదయం 7.10

అట్ట రాశాను. కొత్త మిషను నెల అద్దెకు తెచ్చాం, శాతం కొలిపించాకే తీసుకున్నాం, 94 ఉంది. 2 లీటర్ల మీద మీటరు 90 చూపిస్తోంది. అత్తయ్య ఒక నోటుబుక్కు పెట్టి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అంకె రాస్తున్నారు. ఆమెకు చదువు రాదు, అంకెలు వచ్చు. గోలీ జోలికి పోవడం లేదు. ఆయనకు ఆయాసం వస్తే విసనకర్ర తీసుకుంటున్నారు.

మీసం కత్తిరించడానికి మామయ్య మొదట ఒప్పుకోలేదు. శనివారం మా ఆయన వచ్చి దగ్గర కూర్చుని కొంచెం కొంచెంగా తగ్గించారు. నిన్న రాత్రి పదింటికి పెట్టిన మాస్కు తెల్లవారి నాలుగింటి దాకా ఉంది. లేచి టీ అడిగారు. తలనొప్పి లేదు అన్నారు.

మాస్టారు గారూ, మీరు చెప్పిన సిలిండరు పానా తాడు ఎంత పొడుగు ఉంచారు?

వనపర్తి మాస్టారు | ఆదివారం, ఉదయం 7.25

మూర పొడుగు చాలమ్మా. పానా తగిలించి చుట్టూ తిప్పడానికి అందాలి, కింద పడేంత ఉండకూడదు. చీకట్లో కనబడేలా దానికి తెల్ల గుడ్డ ముక్క ఒకటి కట్టు.